ఏడో గది గుర్రం మూత్రంలో దొరికిన మందు గురించి

ఇన్‌స్పెక్టరుగారూ, ఈ కాగితం రాయకుండానే ఇంటికి పోదామనుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను. నోటితో చెబితే స్టేషను రైటరుగారు రాసుకుంటారని మీరు అన్నారు. ఆయన రెండు కాగితాలు నింపాక, కథ ఇంకా గుర్రం దాకా రాలేదని పెన్నుకు మూత పెట్టేశారు. "పెద్దాయనా, మీరే రాసిచ్చేయండి, నాకు వేళ్ళు నొప్పెడుతున్నాయి" అన్నారు. నొప్పి అన్న మాట వినగానే ఈ కేసంతా మళ్ళీ కళ్ళముందుకొచ్చి, చెప్పులు విప్పి కూచున్నాను.

నా పేరూ, ఇంటి నంబరూ ఆయన నింపిన కాగితాల్లో ఉన్నాయి. వయసు అరవై ఎనిమిది. వృత్తి, పందేల మైదానంలో గుర్రాల మూత్రం పట్టడం. అక్కడ నన్ను ఈలాయన అంటారు. చదువు ఐదో తరగతి; మిగతాది పాత పుస్తకాల దుకాణం వాడి దయ. వాడి దగ్గర విజ్ఞాన సర్వస్వం సంపుటాలు విడివిడిగా వచ్చేవి కానీ అన్నీ రాలేదు. అందువల్ల నాకు కొన్ని అక్షరాలతో మొదలయ్యే సంగతులు బాగా తెలుసు, మరికొన్ని అక్షరాలవి బొత్తిగా తెలియవు. మీరు పట్టుకున్న ముద్దాయి నాకు బావ, మా అక్క మొగుడు. ఏడో గదిలోని గుర్రాన్ని సాకేది ఆయనే. ఈ చుట్టరికం సంగతి మైదానం యాజమాన్యానికి మొదటినుంచీ తెలుసు. అందుకే ఆ గుర్రం సీసాలకు సీలు వేసేటప్పుడు పశువుల డాక్టరు పక్కన నిలబడతాడు.

మూత్రం పట్టడం అనగానే మీ కానిస్టేబుల్ నవ్వాడు. తప్పులేదు, అందరూ నవ్వుతారు. పందెం అవగానే గెలిచిన గుర్రాన్ని పరీక్ష గదికి తెస్తారు. గడ్డి పరిచిన గది అది. పొడుగు కర్ర చివర గిన్నె కట్టుకుని నేను నిలబడతాను. గుర్రాన్ని నిలదీసి అడగలేం కదా. కాలితో గడ్డిని గలగలలాడించి ఈల వేస్తాను. చంటిపిల్లల్ని కాళ్ళమీద కూచోబెట్టుకుని తల్లి ఉస్స్ అంటుంది చూడండి, ఇదీ అదే విద్య, మోతాదే వేరు. ఓసారి సన్నటి రౌతు ఒకడు నా దగ్గరికొచ్చి, "తాతా, మమ్మల్ని తూకం వేసే ముందు ఆ ఈల కాస్త నాక్కూడా వెయ్యి, అరకిలో ఎక్కువున్నా" అన్నాడు. వేశాను. పనిచేసిందట.

అది హాస్యం కింద పోయింది. కానీ ఈల మనుషుల మీద కూడా పనిచేస్తుందని నాకు ఆరోజే తెలియాల్సింది.

పందెం రోజు గుర్రం మొరాయించకుండా ఉండాలంటే మామూలు రోజుల్లో కూడా అలవాటు చెయ్యాలి. అందుకని పొద్దున్నే గుర్రాల సాలలోకి వెళ్ళి గదిగదికీ ముందు నిలబడి ఈల వేసి వస్తుంటాను. ఏడో గదిలోది నల్లటి ఆడగుర్రం. పై స్థాయి ఈల దానికి గిట్టదు, కింది స్థాయిలో సాగదీసి వెయ్యాలి. దానికో అవలక్షణం ఉంది. తొట్టినిండా మంచి మేత ఉన్నా వదిలేసి, కాళ్ళకింద పడకకు పరిచిన గడ్డి తింటుంది. "అచ్చం మీ అక్కేరా. కంచంలో వడ్డించింది వదిలేసి గిన్నె అడుగున మాడింది గీక్కుని తింటుంది" అనేవాడు బావ. అక్క వినేలాగే అనేవాడు.

పందెంలో ఆ గుర్రం మొదట వచ్చింది. నేనే పట్టాను. డాక్టరూ బావా చూస్తుండగా రెండు సీసాల్లో పోసి సీలు వేశాం. ఒకటి పరీక్షకు, రెండోది తగువొస్తే తెరవడానికి. ఆ వారం ఆఖర్న పరీక్షశాల నుంచి కబురొచ్చింది. గుర్రం మూత్రంలో మనుషులు నొప్పికి వేసుకునే మందు ఉందట. చాలా కొంచెం, కానీ ఉంది.

ఇక్కడ పరీక్షశాల గురించి చెప్పాలి. నోటితో చెప్పినప్పుడు దీంతోనే మొదలుపెట్టాను, రైటరుగారు పెన్ను పెట్టేసింది ఈ చోటే. అక్కడ పనిచేసే రసాయనాల అమ్మాయి నాకు ఎన్నోసార్లు టీ తాగిస్తూ చెప్పింది. ఇదివరకు మూత్రంలోంచి మందును వేరుచెయ్యడానికి వేరే పొడి వాడేవారు. నిరుటి నుంచి నల్లపొడి వచ్చింది. కర్బనం. అదృష్టవశాత్తూ 'క' సంపుటం నా దగ్గరుంది, కానీ అది అచ్చయ్యేనాటికి ఈ రకం కర్బనం ఇంకా పుట్టలేదు. ఒక్క పరమాణువు మందం ఉన్న కర్బనం రేకును చుట్ట చుట్టినట్టు గొట్టాలు చేస్తారట. వెంట్రుకను నిలువునా కొన్ని వేల చీలికలు చేస్తే ఒక్కో గొట్టం ఒక్కో చీలికంత ఉంటుంది. చిటికెడు పొడిని విప్పి పరిస్తే ఒక గది నేలంత వస్తుంది. ఆ పొడిని చిన్న గొట్టంలో కూరి, మూత్రాన్ని మెల్లగా అందులోంచి దించుతారు. నీళ్ళూ ఉప్పూ కిందికి పోతాయి. మందు మాత్రం పలకకు పలక అంటుకున్నట్టు నల్లపొడిని కరుచుకుని ఉండిపోతుంది. తరవాత ఇంకో ద్రవం పోసి దాన్ని విడిపించి యంత్రానికి ఇస్తారు.

మా ఇంట్లో తాగేనీళ్ళ కుండలో అమ్మ బొగ్గుముక్క వేసేది. నీళ్ళలో చెడ్డవాసనంతా అది పీల్చేస్తుందనేది. ఆ అమ్మాయికి ఈ మాట చెబితే, "అదే తాతగారూ, అదే. మీ అమ్మగారిది బొగ్గు, మాది బొగ్గుకు మునిమనవడు" అంది. పాత పద్ధతి ఏనుగుల్ని పట్టే గొయ్యి అయితే కొత్తది చీమల్ని పట్టే జిగురని కూడా అంది. నాకు సరదాగా అనిపించింది. ఆ జిగురులో మా ఇంటి మనిషే పడతాడని ఎవరనుకున్నారు.

యాజమాన్యం ఫిర్యాదిస్తే మీరు సాలకొచ్చారు. బావ చొక్కా జేబులో అవే మాత్రలు దొరికాయి. రెండేళ్ళ కిందట గుర్రం తన్నితే పట్టేసిన నడుముకు డాక్టరు రాసిచ్చినవి. మీరు అడగడమే ఆలస్యం, "నేనే ఇచ్చాను. గుర్రం కాలు నొప్పితో ఇబ్బంది పడుతుంటే చూడలేక మేతలో కలిపాను" అన్నాడు. రాసుకున్నారు, వేలిముద్ర వేశాడు. నేను అక్కడే ఉన్నాను. అంత తొందరగా ఒప్పుకున్నాడేమిటా అని మీకూ అనుమానం వచ్చినట్టుంది, పెన్ను ఆపి ఆయన మొహం చూశారు. నాకు మాత్రం రాలేదు. నేను నమ్మేశాను. ముసలాడికి గుర్రం మీద ప్రేమ ముదిరి బుద్ధి గడ్డి తిందనుకున్నాను. బావ బాగు బావమరిదే కోరాలంటారు. ఆ లెక్కన నేను వారం రోజులు బావమరిదినే కాను.

నమ్మనిది మా అక్క ఒక్కతే.

"ఈయన గుర్రానికి మాత్ర పెట్టాడా? ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పాడే."

"ఆయన చెబితే? పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన చెప్పింది ఎన్నడన్నా నమ్మానా? మోకాళ్ళు పట్టేసి కదల్లేకపోతే ఒక్క మాత్ర ఇమ్మని అడిగాను. 'డాక్టరు నీకు రాయలేదుగా' అని డబ్బా తీసి జేబులో వేసుకున్నాడు. నాకివ్వనివాడు గుర్రానికిస్తాడా?"

"గుర్రమంటే నీకంటే ఇష్టమేమో."

"ఇష్టం కాబట్టే ఇవ్వడు. ఒరేయ్, నువ్వు పుస్తకాలు చదివి పాడైపోయావు."

ఈ వాదన కోర్టులో నిలవదని నాకు తెలుసు. కానీ మంచి వాదనే.

ఆ తరవాత రెండు రోజులకు, మధ్యాహ్నం సీసాలు ఇవ్వడానికి పరీక్షశాలకు వెళితే ఆ అమ్మాయి టీ ఇవ్వకుండా కుర్చీ చూపించింది. రెండో సీసా తెరిచారట.

"తాతగారూ, ఆ గుర్రానికి ఎవరూ మాత్ర పెట్టలేదు" అంది.

"మందుందని నువ్వేగా రాశావు, తల్లీ."

"ఉంది. కానీ ఏ మందైనా ఒంట్లోకి వెళ్ళాక అలాగే ఉండదు, కాలేయం దాన్ని ముక్కలు చేస్తుంది. మనిషి ఒక రకంగా చేస్తాడు, గుర్రం ఇంకో రకంగా చేస్తుంది. మొదటిసారి మేము మందు ఉందా లేదా అన్నదే చూశాం. ఇప్పుడు నల్లపొడి పట్టుకున్నవన్నీ విడిపించి చూశాను. ఎక్కువున్నది మనిషి చేసే ముక్క. ఈ మందు ముందు ఒక మనిషి ఒంట్లోంచి వచ్చింది. ఆ తరవాతే గుర్రం ఒంట్లోకి వెళ్ళింది."

"అదెలా కుదురుతుంది?"

"అదే నేను చెప్పలేను. ఉన్నదున్నట్టు రిపోర్టులో రాస్తాను. 'ఎలా వెళ్ళింది?' అని వకీలు అడుగుతాడు. నేను చూడలేదంటాను. సాలలో ఎవరైనా చూసినవాళ్ళుండాలి." మళ్ళీ తనే, "చీమల్ని పట్టినప్పుడు చీమ ఎటునుంచి వచ్చిందో కూడా చూడాలి. ముందే చూడాల్సింది. ఆయన్ని తీసుకెళ్ళాక చూశాను" అంది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది శుభ్రంగానే ఉంది.

నేను లేచి వచ్చేశాను. బస్టాపులో రెండు బస్సులు వదిలేశాను.

ఇప్పుడు వరస తప్పి వెనక్కి వెళుతున్నాను. జరిగింది జరిగిన క్రమంలో రాయమన్నారు. కానీ ఇది దాని చోటులో రాయడానికి చెయ్యి రాలేదు.

పందేనికి ముందు వారంలో ఒక పొద్దున, తెల్లవారాక, ఏడో గది ముందు నిలబడి ఈల వేస్తున్నాను. తలుపు సగం తీసి ఉంది. లోపల బావ పారతో గడ్డి సర్దుతున్నాడు. కింది స్థాయిలో సాగదీసి వేశాను. ధార చప్పుడు వినిపించింది. సంతోషించి కర్ర లోపలికి చాపాను. గిన్నెలో ఏమీ పడలేదు. గుర్రం నా వంకే చూస్తూ నిలబడి ఉంది, దాని కింద పొడిగానే ఉంది. చప్పుడు మూలనుంచి వస్తోంది. బావ గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

అయిపోయాక ఆయన ఇటు తిరిగాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. "ఆ ఈల ఆపు" అన్నాడు. పారతో తడిసిన గడ్డి తిరగేసి, పైన పొడిగడ్డి కప్పాడు. గుర్రం అప్పటికే మెడ వంచి ఆ మూల వాసన చూస్తోంది.

నేను ఏం చెయ్యాలి? ఊరుకోవాలి, లేదా బయటికి పిలిచి, ఏం బావా, ఒంట్లో బాగాలేదా అని అడగాలి. నేనేం చేశానంటే, ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర నలుగురూ ఉండగా ఆయన వెనకనుంచి వెళ్ళి కింది స్థాయిలో ఈల వేశాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేసి గబగబా వెళ్ళిపోయాడు. ఏమిటని అందరూ అడిగారు. "మా బావకు సంగీతం గిట్టదు" అన్నాను. బాగా నవ్వారు. బావాబావమరుదుల మధ్య ఇది మామూలే. ఆయన నన్ను ఎన్ని అన్నాడో రాయడానికి మీ దగ్గరున్న కాగితాలు చాలవు. కానీ ఆ తరవాత ఆయన టీకొట్టుకు రావడం మానేశాడు. నేను పొద్దున్నే ఈల వేయడం మాత్రం మానలేదు. పందెం దగ్గరపడుతోంది, అది నా ఉద్యోగం. రోజూ వేశాను. రోజూ ఏడో గది తలుపు మూసి ఉండేది, లోపలనుంచి గడియ పెట్టి.

బస్టాపునుంచి నేరుగా మీ స్టేషనుకే వచ్చాను. బావతో మాట్లాడాలంటే మీరు పంపించారు. కానిస్టేబుల్ కాస్త దూరంగానే నిలబడ్డాడు, మంచివాడు.

"బావా, మాత్ర నువ్వు పెట్టలేదు."

"పెట్టాను. రాసుకున్నారు కూడా."

"ఆవేళ మూలన నిన్ను చూశాను."

బావ కానిస్టేబుల్ వైపు చూశాడు. "మెల్లిగా" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఏడాది దాటింది. డాక్టరు ఏదో గ్రంథి వాచిందన్నాడు. ఆగదురా. నీ ఈల వినబడితే అసలాగదు. మరుగుదొడ్డి ఆ చివరెక్కడో కట్టారు. గడప దాటే లోపలే..."

"ఆ ముక్క ఇన్‌స్పెక్టరుగారితో చెప్పొచ్చుగా. జబ్బేగా."

"ఐదో గదివాడు గుర్తున్నాడా? పొట్టివాడు" అన్నాడు బావ.

గుర్తున్నాడు. ముందటేడాది గుర్రం గదిలో మూత్రం పోస్తుంటే బావ పట్టుకుని, పదిమందిలో చెంప మీద కొట్టి, పెద్దవాళ్ళకు చెప్పి పనిలోంచి తీయించాడు. సాల గుడ్డతో తుడిచినట్టు ఉండాలంటాడు బావ. ఏడో గదిలో కూచుని అన్నం తినొచ్చని పేరు.

"నీకేం జబ్బురా అని వాణ్ణి అడిగానా?" అన్నాడు బావ. "అడగలేదు. ఇప్పుడు నాది జబ్బంటానా?"

"అది వేరు."

"ఏమీ వేరు కాదు. జైలంటే ఆర్నెల్లు, మహా అయితే ఏడాది. ఇది బయటికొస్తే కాటికి పోయేదాకా నవ్వుతారు. అందరికంటే ముందు నువ్వు నవ్వుతావు."

"నేను నవ్వను బావా."

"నువ్వు నవ్వకపోతే ఇంకా భయం."

తరవాత గుర్రం సంగతి అడిగాడు. కొత్తవాడు మేత సరిగా వేస్తున్నాడా, కాళ్ళు కడుగుతున్నాడా అని. తాను తిరిగొచ్చేసరికి దానికి ఏడో ఏడు వస్తుందట, అప్పటికీ పరిగెడుతుందట. వేళ్ళమీద లెక్కపెట్టి చూపించాడు. గుర్రానికి మందు పెట్టినట్టు రుజువైన మనిషిని ఆ తరవాత ఏ సాలలోకీ, ఏ ఊళ్ళోనూ అడుగు పెట్టనివ్వరు. ఇక చచ్చేదాకా అంతే. ఆ నిబంధన మైదానం గేటు దగ్గర పెద్ద అక్షరాలతో ఉంది. బావకు చదువు రాదు. నేను చెప్పలేకపోయాను. "మేత బాగానే వేస్తున్నారు" అన్నాను. అదీ అబద్ధమే. వేస్తున్నారు కానీ అది తినడం లేదు.

వచ్చేటప్పుడు, "ఎవరితోనూ అననని మాటివ్వు" అన్నాడు. నేను మాటివ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. ఊచల్లోంచి ఆయన చెయ్యి పట్టుకుని వదిలేశాను. మాటిచ్చాననే అనుకుని ఉంటాడు.

ఇంటికెళ్ళి అక్కతో మొత్తం చెప్పాను. అక్క నవ్వలేదు, ఏడవలేదు. వంటగది గడప మీద కూచుని విన్నది. "ఏడాది నుంచీ మంచం పక్కన బకెట్టు ఉంటోంది. నాకు తెలియదనుకుంటున్నాడు. పొద్దున్నే నాకంటే ముందు లేచి కడిగేస్తాడు" అంది. తరవాత, "చెప్పెయ్. నవ్వించుకునైనా ఇంటికి రానీ" అంది.

అందుకని చెబుతున్నాను. ఏడో గది గుర్రానికి మా బావ మందు పెట్టలేదు. నడుము నొప్పికి ఆయన మింగిన మందు ఆయన మూత్రంలోంచి పడక గడ్డిలోకి పోయింది. ఆ గడ్డిని గుర్రం తిన్నది. ఆయన మూలన నిలబడి పోయడం ఒక పొద్దున నేను కళ్ళారా చూశాను. ఆ గుర్రం పడక గడ్డి తినడం సాలలో అందరూ రోజూ చూస్తున్నదే. ఆయన గ్రంథి సంగతి ఆయన డాక్టరును అడగండి. మందు ముక్కల సంగతి రసాయనాల అమ్మాయిని అడగండి. ఈల సంగతి నన్నడగండి.

ఒక్క విన్నపం. దీన్ని కోర్టులో చదవాల్సి వస్తే జనం తక్కువగా ఉన్నప్పుడు చదివించండి. 'మూత్రం' అన్నచోట ఆ మాటే ఉంచండి, ఇంకో మాట వెయ్యవద్దు. టీకొట్టు ముక్క కొట్టేయమని అడుగుదామనుకున్నాను. వద్దు, ఉండనివ్వండి.

ఇందులో ఉన్నది నేను చూసిందీ, నేను విన్నదీ. విన్నదాన్ని చూశానని ఎక్కడా రాయలేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలిన మనిషి మాట నేనే వినలేదు. నేను రాసిందాన్ని రైటరుగారు నాకే గట్టిగా చదివి వినిపించారు. నేను ఒక్క అక్షరం కూడా మార్చమనలేదు.

సంతకానికి ముందు ఇంకో నాలుగు ముక్కలు కలుపుతున్నాను. ఆయన చదివేటప్పుడు తలుపు తీసే ఉంది. కోర్టుకు తీసుకెళ్ళడానికి బావను వరండాలో బెంచీ మీద కూచోబెట్టారని నాకు తెలియదు. చదవడం అయ్యాక మంచినీళ్ళకు బయటికి వెళితే కనిపించాడు. కానిస్టేబుల్ గోడ మీది కాలెండరు చూస్తున్నాడు. బావ నా వంక చూడలేదు. బెంచీ మీద తన పక్కనున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఆ చోట కూచున్నాను. లోపలనుంచి పిలిచారు, వచ్చి సంతకం చేస్తున్నాను.

(సంతకం)